పాట పాడి పోయినోళ్లు

మా నాయన ఆదోని మార్కెట్ యార్డులో
పత్తికి వేలం పాట పలికేవాడు.
గొంతు ఆయనది, సరుకు రైతుది, మాట సేటుది.
"ఒకటోసారి" అంటే బండెద్దులు కూడా
చెవులు నిక్కబొడిచేవని
మా అమ్మ రొంత ఎక్కువే చెప్పేది.
మూడోసారి అన్నాక మాటకి
వెనక్కి పోయే దారి ఉండేది కాదు.
పాడి ఎగ్గొట్టినోడి పేరు
గోడౌను తలుపు మీద సుద్దముక్కతో రాసేవాళ్లు.
వాన వచ్చేదాకా ఉండేది ఆ పేరు.
మా ఊళ్లో వాన ఎప్పుడొస్తాదో మీకు తెలుసు గదా.

నాది గడియారాల అంగడి,
మెట్ల కింద, మూడడుగుల వెడల్పు.
చేతికి ఎవరూ కట్టుకోని కాలం వచ్చినాక
ఫోనులో అమ్మడం నేర్చినాను.
కీ ఇచ్చే పాత గడియారం, తెల్ల డయలు,
పన్నెండు దగ్గర రొంత పసుపు తిరిగింది.
అది కూడా దాచకుండా ఫోటో తీసి
ఏడు రోజుల గడువు పెట్టినాను.
మొదటి పాట మూడు వందలు.

ఏడో రోజు రాత్రి పదకొండున్నరకి
"సింహం తొమ్మిది తొమ్మిదులు" అనేవాడొకడు
నాలుగు వేల రెండు వందలకి పాడినాడు.
నాకు నిద్ర రాలేదు.
మద్దమ్మ నిద్రబోయింది, ఆమెకు తెలివుంది.

పొద్దున సింహం మెసేజి:
"అన్నా, నేను మిలిటరీలో ఉండా, బార్డర్‌లో.
కోడ్ పంపుతా, స్కాన్ చెయ్, దుడ్లు పడతాయి."
నాకు దుడ్లు పడాలంటే
నా పిన్ను నేనే కొట్టాలంట!
నీళ్లు కావాలంటే
కడవనే బావిలో పారెయ్యమన్నట్టు.
కొట్టలేదు.
వాడు బార్డర్ నుంచి మాయమైనాడు.

రెండో పాటగాడు
దుడ్లు పంపినట్టు ఒక బొమ్మ పంపినాడు.
పచ్చ టిక్కు, నా పేరు, మొత్తం, అన్నీ ఉండాయి,
తేదీ ఫిబ్రవరి ముప్పై.
మూడోవాడు, అమ్మకు ఆపరేషనంట,
"ఆసుప్రతి"లో ఉండాడంట.
నాలుగోవాడు మూడోవాడే.
పేరు మార్చుకున్నాడు గానీ
ఆసుప్రతి మార్చలేదు.

ఒక్కొక్కణ్ణీ బయటికి తోసి గడియ పెట్టినాను.
సుద్దముక్క లేదు ఈడ,
రాసేదానికి తలుపూ లేదు.
వాన కూడా అక్కర్లేదు,
వాని పేరు వాడే కడిగేసుకుంటాడు.

అంగడి ముందు నిలబడి
వాళ్ల ఏడు తరాలనూ తిడతా ఉంటే
వినాయకుని కమిటీ హనుమేశు బైకు ఆపినాడు.
టీ అడిగినాడు, తాగినాడు,
గ్లాసు కింద పెట్టి, నేల చూస్తా
"ఉరుకుందన్నా, ఆ లడ్డు..." అన్నాడు.

రెండేండ్ల కింద, నిమజ్జనం రాత్రి.
డప్పులు, ట్యూబులైట్లు, ఎదురుగా
స్టీలు సామాన్ల వీరభద్రి పాడతా ఉంటే
యెచ్చులకు పోయి
పదకొండు వేలని అరిచినాను.
మూడోసారి అన్నారు. శాలువా కప్పినారు. ఫోటో ఉంది.
లడ్డు వీధి వీధంతా తినింది, చీమలతో సహా.
ఏడు వేలు కట్టినాను.
మిగిలింది ఉగాదికన్నాను,
ఉగాది పోతే పాప ఫీజు అయినాక అన్నాను.
నేనూ బార్డర్‌లోనే ఉండా
రెండేండ్ల నుంచి.

గడియారం దిగుతా దిగుతా
ఎమ్మిగనూరు సుంకులమ్మ దగ్గర ఆగింది.
ఆరు వందల నలభై.
స్కానూ లేదు, బొమ్మా లేదు,
బస్సెక్కి వచ్చింది మగ్గాలామె.
చెవికి పెట్టుకుని
"మా మగ్గం కంటే నిదానంగా కొడతాంది" అని నవ్వింది.
నోట్లు ఎంచింది, మల్ల ఎంచింది,
నా చేతిలో పెట్టి, నన్నూ ఎంచమనింది.

ఆ నోట్లే అట్లే
హనుమేశు దగ్గరికి పోయినాయి.
వాడు నోటుబుక్కు తెరిచినాడు.
నా పేరు ఎదురుగా ఎర్ర సిరాతో ఏమో ఉంది,
కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి రాసుకున్నాడు.
"ఇంకా మూడు వేల మూడు వందల అరవై."

"ఒకటోసారి" అన్నాను నేను.

వాడు నవ్వలేదు.